కొత్త బేరింగ్ మళ్లీ ఎందుకు మోగింది

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మా నాన్నా కులాసాగా ఉన్నారని రాశావు, మనసు కుదుటపడింది. ఆ తర్వాతి పేరా చదివాక మాత్రం వెంటనే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. బండి ముందు చక్రానికి నీ చేత్తో బిగించిన బేరింగ్ కొద్ది నెలలకే మళ్లీ మోగితే విప్పి తీశావనీ, సరుకు నకిలీదే అయి ఉంటుందనీ, ఈసారి ఇంకో కంపెనీది కొంటాననీ అన్నావు. కాస్త ఆగు. నకిలీ బేరింగ్‌లు ఉన్నమాట నిజమే. కానీ పాడై తిరిగొచ్చిన బేరింగ్‌లను కోసి చూడటమే ఇక్కడ నా ఉద్యోగం. తొందరగా పోయి నా బల్ల మీదికి వచ్చినవాటిలో చాలావాటికి దెబ్బ తగిలింది బిగించిన రోజునే.

నువ్వు పంపిన ఫొటోను బాగా పెద్దది చేసి చూశాను. బయటి రేసు (గుండ్లను బయటినుంచి చుట్టి ఉండే ఉక్కు వలయం) లోపల, గుండ్లు దొర్లే దారిలో, ఒక అంచుకు దగ్గరగా చిన్న చిన్న గుంటలు వరసగా ఉన్నాయి. గుండుకూ గుండుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో ఆ గుంటల మధ్య కూడా అంతే ఎడం. వేడెక్కి పోయిన బేరింగ్ అయితే రేసు గోధుమరంగుకో నీలానికో తిరుగుతుంది. నీళ్లు దిగి ఉంటే తుప్పు మరకలు కనిపిస్తాయి. నీదాంట్లో రెండూ లేవు. కదలకుండా ఉన్న గుండ్ల మీద పెద్ద బలం పడింది, అవి రేసులోకి దిగబడ్డాయి. 1900లో స్వీడన్ ఇంజినీరు బ్రినెల్ లోహాల గట్టిదనాన్ని కొలవడానికి సరిగ్గా ఈ పనే చేశాడు, గట్టి గుండును లోహంలోకి నొక్కి గుంట ఎంత పడిందో చూశాడు. అందుకే ఇలాంటి గుంటలకు ఇప్పటికీ ఆయన పేరే వాడుతున్నారు.

ఊడదీసేటప్పుడు పడ్డ గుంటలేమో అని నీకు అనుమానం రావచ్చు. అవీ పడతాయి. బేరింగ్ మధ్యలో దిగి చక్రాన్ని పట్టి ఉంచే హబ్బును లాగేటప్పుడు ఆ బలమంతా గుండ్ల మీదుగానే పోతుంది కాబట్టి, ఒకసారి అలా ఊడదీసిన బేరింగ్‌ను బాగున్నట్టు కనిపించినా మళ్లీ వాడకూడదు. కానీ అప్పుడు పడ్డ గుంట అంచులు పదునుగా, మెరుస్తూ ఉంటాయి. నీ ఫొటోలో అంచులు నలిగిపోయాయి, రెండుచోట్ల పెచ్చు లేవడం కూడా మొదలైంది. అంటే గుంటలు పడ్డాక చక్రం చాలా దూరం తిరిగింది. నీకు వినిపించిన మోత అదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బేరింగ్‌ను నకిల్‌లోకి, అంటే చక్రం వెనక అది కూర్చునే లోహపు దిమ్మెలోకి, నొక్కేటప్పుడు బలం బయటి రేసు మీద మాత్రమే పడాలి, ఎందుకంటే బిగుతుగా దిగాల్సింది అదే. లోపలి రేసు మీద నొక్కావంటే బలం గుండ్ల గుండా బయటి రేసుకు చేరుతుంది. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తర్వాత హబ్బును బేరింగ్‌లోకి దించేటప్పుడు లెక్క తిరగబడుతుంది, పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే. అప్పుడు అడుగున ఆసరా లోపలి రేసుకు ఉండాలి. నకిల్‌ను ప్రెస్ (నొక్కే యంత్రం) మీద పెట్టి పైనుంచి హబ్బును నొక్కితే, పని తేలిగ్గా అయినట్టే ఉంటుంది గానీ భారమంతా గుండ్లే మోస్తాయి. నువ్వు రాసిన తీరు చూస్తే నకిల్‌కే ఆసరా పెట్టావనిపిస్తోంది. లోపలి రేసు కొలతకు సరిపోయే గొట్టం ముక్క ఒకటి వెతికి పెట్టుకో. పాత బేరింగ్ బయటి రేసును పారేయకు, దాని అంచు చుట్టూ కొద్దిగా అరగదీస్తే కొత్తదాన్ని నొక్కడానికి చక్కగా పనికొస్తుంది. అరగదీయకుండా వాడితే అదీ లోపలే ఇరుక్కుంటుంది. సుత్తి మాత్రం ముట్టుకోకు. ప్రెస్ దొరకకపోతే దొరికేదాకా పని ఆపు.

నొక్కే ముందు నకిల్ రంధ్రాన్ని శుభ్రంగా తుడిచి వేలితో చుట్టూ తడిమి చూడు. తుప్పు పొరో గీత అంచో మిగిలితే బేరింగ్ వంకరగా దిగుతుంది, రేసు గుండ్రదనం చెడుతుంది. పాత లోపలి రేసు హబ్బుకు అతుక్కుపోయిందనీ, గ్రైండరుతో కోసి తీశాననీ రాశావు కదా, ఆ కోత హబ్బులోకి దిగిందేమో చూడు. దిగి ఉంటే హబ్బు కూడా మార్చాల్సిందే, దానికి వెనకాడకు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి కాబట్టి బేరింగ్‌కు ఒకవైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉండవచ్చు. ఆ వైపు చక్రం వేగం కొలిచే సెన్సారుకు ఎదురుగా రావాలి. ఇనుపరజను ఉన్న బల్ల మీద దాన్ని పెట్టకు.

ఇక యాక్సిల్ నట్టు. బేరింగ్‌లోని రెండు లోపలి రేసులను దగ్గరికి బిగించి పట్టేది అదే. అది వదులుగా ఉన్నప్పుడు బండి బరువు చక్రం మీద పడితే రేసులు ఎడమవుతాయి, ఆ కాసేపటికే బేరింగ్ దెబ్బతింటుంది. కాబట్టి యాక్సిల్ నట్టు బిగించకుండా బండిని జాకీ దించి గజం దూరం కూడా నెట్టవద్దు. చక్రం గాల్లో ఉండగానే ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కు (బిగింపు కొలతకు) టార్క్ రెంచితో బిగించు. ఇంపాక్ట్ గన్‌తో కొడితే ఎంత బిగిసిందో తెలియదు. అంచు నొక్కి లాక్ చేసే నట్టయితే కొత్తదే వాడు.

నాన్న పాత బండి వెనక చక్రాల సంగతి వేరే. వాటిలో ఉన్నవి కోను రోలర్ బేరింగ్‌లు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత వదులు చేసి, చిన్నపాటి ఆట (కదలిక) మిగిలేలా సరిచేసి చీలపిన్ను వేయాలి. గట్టిగా బిగిస్తే గ్రీజు మాడి రోలర్లు పట్టేస్తాయి. ఇది నాన్నకూ చెప్పు.

ఇంకొకటి, నీకు నచ్చదని తెలిసీ రాస్తున్నాను. చక్రాలు బయటికి రావాలని హబ్బుకూ చక్రానికీ మధ్య వేయించిన స్పేసర్లు తీసేయించు. చక్రం బయటికి జరిగినకొద్దీ బరువు బేరింగ్‌ను వంచేలా పడుతుంది. బాల్ బేరింగ్ మీద భారం రెట్టింపైతే లెక్క ప్రకారం ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. స్పేసరు భారాన్ని రెట్టింపు చేయకపోవచ్చు, కానీ కొద్దిగా పెంచినా కోత పెద్దదే. ఆ బండిలో అమ్మ ప్రయాణం చేస్తుంది.

కొత్త బేరింగ్, నట్టు, బేరింగ్ జారకుండా ఆపే సర్‌క్లిప్ మూడూ తెచ్చుకున్నాక, హబ్బు దించే ముందు ఆసరా ఎక్కడ పెట్టావో ఒక ఫొటో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే నొక్కు. ఇక్కడ రాత్రి అయినా ఫర్వాలేదు, ఫోను చెయ్యి.

ఇట్లు,
నీ అక్క