గుడి గంట సరే, దవాఖాన సంగతేంటి?

సంపాదకులకు,

డిసెంబర్ వచ్చిందంటే మెదక్ చర్చి ఫొటో పత్రికల్లో పడుతుంది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన ఆ గుడికి వందేళ్లు దాటాయి. దాని ఎత్తు గురించి, రంగుటద్దాల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం అది కరువులో లేచిన గుడి. జనం ఆకలితో అల్లాడుతుంటే మిషనరీ పోస్నెట్ దొర కట్టడం పని పెట్టి తిండి చూపించాడు.

అంతకంటే ముందు, 1876-78 కరువులో, ఒంగోలు దగ్గర ఇంకో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారంటారు కదా, ఆ మాట పడకూడదనే ఆ పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాతే, 1878 జూలై 3న, ఒక్కరోజులో 2,222 మంది తీసుకున్నారు. గుంటూరులో మిషన్ డాక్టరు కుగ్లర్ దొరసాని ఆడవాళ్లకు వైద్యం చేసింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం మిషన్ ఆసుపత్రిలో క్షయ రోగులకు మంచం దొరికింది.

ఇప్పుడు మా చర్చిల సంగతి చూడండి. స్వస్థత సభలో "మాత్రలు పక్కన పెట్టు, విశ్వాసం ఉంచు" అన్నారని మా పక్కింటి అవ్వ షుగర్ మందులు మానేసింది. చివరికి కాలి వేలు తీసేయాల్సి వచ్చింది. ఆసుపత్రులు కట్టిన చేతులే కదా ఇవి! నేను చదువుకుని పంతులునైన మిషన్ బోర్డింగ్ హాస్టల్‌కు తాళం పడి చాలా ఏళ్లయింది. నిరుడు సౌండ్ బాక్సులకు మాత్రం చందాలు నాలుగు వారాల్లో పోగయ్యాయి. మా వాడు గుడికి రమ్మంటే రాడు. "అక్కడ గొడవే కదా నాన్నా" అంటాడు. వాడికి జవాబు చెప్పలేకపోతున్నాను.

బయటి నుంచి కష్టాలు లేవని నేననను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, బీసీల్లో 'సీ' గ్రూపుతో సరిపెట్టుకోవాలి. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం కూడా చేసింది. అది న్యాయమైన కోరికే, ఊరేగింపులో నేనూ నడిచాను. కానీ ఆ ఊరేగింపు అయ్యాక ఇంటికొచ్చి, పిల్లకు సంబంధం చూసేటప్పుడు మాల చర్చా, మాదిగ చర్చా అని ఆరా తీసేదీ మేమే. దీనికి ఏ ప్రభుత్వాన్ని తిట్టాలి?

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరూ లేవకముందే, సంఘం లెక్కలు అందరి ముందు చదవండి. కానుకలెంత, స్థలాల అద్దెలెంత, ఎవరి చేతిలో ఉన్నాయి. మిగిలిన దాంతో బోర్డింగ్‌లో ఇరవై మంది పిల్లలకైనా అన్నం పెట్టొచ్చు. నిరుడు ఈ మాటే అడిగితే కమిటీ ఎన్నికల గొడవ కోర్టులో ఉంది, లెక్కలు ఇప్పుడు చెప్పకూడదన్నారు. కనీసం లాయరు ఫీజు లెక్కైనా చదవొచ్చు కదా.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మెదక్ జిల్లా