రాత్రి రెండున్నరకి నువ్వు పెట్టిన రూపాయి ఫొటో

చిన్నోడా,

నీ స్టేటస్‌లో తాతయ్య చార్మినార్ రూపాయి చూశా. రాత్రి రెండున్నరకి పెట్టావు, ఆ టైంలో నిద్రపోకుండా ఏం చేస్తున్నావురా? ఫోన్ ఎత్తి మూడు వారాలైంది. సరే అది తర్వాత, ముందు ఫొటో సంగతి.

ఫ్లాష్ వేశావు కదా, నట్టనడుమ తెల్ల మచ్చ పడి చార్మినార్ బొమ్మ గుమ్మంలో ఉండే ఐన్ అనే ఉర్దూ అక్షరం మాయమైంది. నిజాం ఉస్మాన్ అలీఖాన్ రూపాయికి గుర్తే అది, వాళ్ళ నాన్నదైతే మీమ్ అనే అక్షరం ఉంటుంది. ఫ్లాష్ ఆపి రెండు టేబుల్ లైట్లు, గడియారంలో పదీ రెండూ ఉండే చోట పెట్టు, ముందు బటర్ పేపర్ అడ్డం కట్టు, బల్బుకి మాత్రం తగలనివ్వకు. రెండూ ఒకే రకం బల్బులుండాలి, ఒకటి పసుపు ఒకటి తెలుపు అయితే రంగు చచ్చినా కుదరదు.

బుజ్జి అత్తయ్య ఏదో అంది, నువ్వు ఉద్యోగం మానేశావని. నేను నమ్మలేదులే.

నాకూ మొదట్లో ఇంతే. నీకు మూడేళ్ళప్పుడు 36 ఫొటోల రోలు మొత్తం నాణేలకే తగలేసి, కడిగించి తెస్తే అన్నీ బొగ్గుబిళ్ళలు. వెండి అద్దం లాంటిది కదా, చీకటి గదిలో తీస్తే పైనున్న నల్ల కెమెరానే అందులో కనబడుతుంది. అప్పుడు దేవుడి పటం గాజు ఊడదీసి, నాణెం మీద 45 డిగ్రీల వాలుగా మీ అమ్మని పట్టుకోమన్నా, పక్కనుంచి లైటు వేస్తే గాజుకి తగిలి తిన్నగా కిందికి దిగుతుంది, కెమెరా పైనుంచి అదే గాజులోంచి చూస్తుంది. అక్షరాలన్నీ తేలాయి, చూడమ్మా అనేలోపు నువ్వు పరిగెత్తుకొచ్చి మీ అమ్మ మోచెయ్యి గుద్దావు. గాజు ముక్కలు. రూపాయి ఎటు దొర్లిందో ఎవరికి పట్టింది, ఇద్దరం నీ పాదాలు తిరగేసి తిరగేసి చూసుకున్నాం. అది సంక్రాంతికి దులుపుతుంటే బీరువా కింద దొరికింది.

అమ్మడానికే ఫొటో తీశావేమోనని మీ అమ్మ భయం. అవసరమైతే అడుగు, దాచకు. చింతపండుతో తోమకు, మెరుస్తుంది గానీ విలువ పోతుంది. అంచులు పట్టుకునే తియ్యి. రాత్రి పెరుగన్నమైనా తింటున్నావా?

శనివారం పార్సెల్ వేశా. సున్నుండలు, అడుగున నాలుగు బటర్ పేపర్లు, నెయ్యి అంటకుండా విడిగా చుట్టా. అందగానే ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు, ఫోన్.

నాన్న