వార్షిక నివేదిక: కొత్తవాళ్ల కోసం లినక్స్ ఇన్‌స్టలేషన్ గైడ్లు

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలన్నది నియమం కాబట్టి రాస్తున్నాను. ఈ ఏడాది నిజంగా కష్టపడిన కొద్దిమంది పని అందరికీ తెలియాలని కూడా.

మన ఆశయాలు మళ్లీ చెప్పక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది, విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం కావాలి. దాంతో బాగానే పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌లతో, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) మొహం ఎప్పుడూ చూడని వాళ్లు కూడా, విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ వేసుకుందామని మన గైడ్లు పట్టుకున్నారు. ఆ గైడ్లేమో తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం రాసుకున్నవి. "పార్టిషన్ చేసుకోండి" (అంటే డిస్క్‌ను భాగాలుగా విడగొట్టండి) అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మనకు చాలు, కొత్తవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

అందుకే వరుసే మార్చేశాం. ఐఎస్ఓ (లినక్స్ ఇన్‌స్టలేషన్ ఫైల్) డౌన్‌లోడ్ ఇప్పుడు మొదటి పేజీలో లేదు. ముందు ఫైళ్ల బ్యాకప్, ఆ తర్వాత బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ వెతికి కాగితం మీద రాసుకోవడం, ఎందుకంటే సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ ఆన్ అయ్యేలా చూసేది) సెట్టింగ్ కదిపితే విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడు వెతుక్కుంటే చేతిలో తెరుచుకునే కంప్యూటర్ ఉండదు. తర్వాత ఫాస్ట్ స్టార్టప్ ఆపడం. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, లినక్స్‌లో ఆ డ్రైవ్ తెరిస్తే చదవడమే తప్ప రాయడం కుదరకపోవచ్చు. ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించడం లేదన్న ఫిర్యాదుకు విడిగా ఒక పేజీ పెట్టాం: కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ సొంత మోడ్‌లో ఉంటుంది, దాన్ని తొందరపడి లినక్స్‌కు డిస్క్ కనిపించే ఏహెచ్‌సీఐ మోడ్‌కి మారిస్తే విండోస్ బూట్ కాకుండా పోతుంది, కాబట్టి ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టుకోవాలి. ఈ ఒక్క పేజీ కోసం జరిగిన వాదనలు చెబితే ఇంకో నివేదిక అవుతుంది.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది మన పరీక్ష రోజు గురించి. ఎప్పుడూ లినక్స్ ముట్టనివాళ్లను కూర్చోబెట్టి గైడ్ ఒక్కటే చేతికిచ్చాం. పాతవాళ్లు వెనక కూర్చుని ఎవరు ఎక్కడ ఆగారో రాసుకోవాలి, నోరు మాత్రం తెరవకూడదు. మనవాళ్లకు ఇది ఎంత నరకమో అక్కడున్న వాళ్లకే తెలుసు! పార్టిషన్ దగ్గరే ఆగుతారనుకున్నాం, కానీ చాలామంది అంతకంటే ముందే, బూట్ మెనూ కీ (పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ ఆన్ చేయడానికి నొక్కేది) దగ్గరే ఆగిపోయారు. ఒక దానికి ఎఫ్12, ఇంకో దానికి ఎఫ్9, మరో దానికి ఎస్కేప్. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాక రీబూట్‌లో వచ్చే నీలం తెర, అదే ఎంఓకే ఎన్‌రోల్‌మెంట్ (ఆ డ్రైవర్‌ను నమ్మమని సెక్యూర్ బూట్‌కు చెప్పడం), చూసి ఒకావిడ వైరస్ అనుకుని మూత మూసేశారు. ఇప్పుడు ఆ తెర ఫోటో గైడ్‌లో ఉంది, "భయపడకండి, ఇది రావాల్సిందే" అన్న మాటతో సహా.

ఆ రోజు వచ్చిన కొత్తవాళ్లకు, గది ఇచ్చినవారికి, స్క్రీన్‌షాట్లు తీసినవారికి, అచ్చుతప్పులు దిద్దినవారికి, పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చి తిరిగి అడగని వారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇక రాని వాళ్ల సంగతి. జాబితాలో పేరిచ్చి, గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి, ఆ రోజు ఫోన్ ఎత్తని వాళ్లు ఎక్కువే. ఏ డిస్ట్రో (లినక్స్ రకం) గొప్పదన్న చర్చకు మాత్రం అర్ధరాత్రి కూడా హాజరు. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగులు) కీల పట్టిక ఇమ్మని ఒక ల్యాప్‌టాప్ కంపెనీకి రాసిన ఉత్తరాలకు ఇప్పటికీ జవాబు లేదు.

లెక్కలు: ఖర్చు ఎక్కువగా పెన్‌డ్రైవ్‌లకు, ప్రింట్లకు. పట్టిక నోటీసుతో జత చేశాం, చూసుకోండి.

డ్యూయల్ బూట్‌లో (ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నప్పుడు) గడియారం తప్పు చూపించే సమస్య పేజీ సగంలో ఉంది. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో స్థానిక సమయం పెడుతుంది, లినక్స్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, విషయం అంతే, రాసేవాళ్లే లేరు. ఉబుంటు అనే డిస్ట్రోకు కొత్త ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే వెర్షన్) వచ్చినప్పుడల్లా స్క్రీన్‌షాట్లు మళ్లీ తీయాలి, దానికీ మనుషులు కావాలి. ఈ రెండింటికీ సమావేశంలోనే పేర్లు రాసుకుంటాను, వచ్చేవాళ్లే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి