ఆ ఎర్ర గడులు నింపకమ్మా

నరసరావుపేట,
ఏప్రిల్ 20

చి.సౌ. అమ్మాయికి,

అమ్మ దీవెనలు. నిన్న నువ్వు ఫోన్‌లో పంపిన వేసవి సెలవుల టేబుల్ మీ నాన్నా నేనూ కూర్చుని చూశాం. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులు, రోజుకి ఆరు గడులు. పొద్దున ఈత, పదింటికి అబాకస్, మధ్యాహ్నం డ్రాయింగ్, సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీష్. ఏమీ దొరకని గడులకు ఎర్ర రంగు వేసి "ఏం చేయించాలి?" అని రాసుకున్నావు. ఆ ఎర్ర గడులే కళ్ళ ముందు మెదిలి నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే మీటింగ్ మధ్యలో సగం విని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు నేనూ ఇలాగే చేశాను తల్లీ. పొద్దున హిందీ ప్రాథమిక, పదకొండింటికి లెక్కలు, సాయంత్రం సంగీతం. ఆ ఎండలో గొడుగు పట్టుకుని నడిపించి తీసుకెళ్ళేదాన్ని. మే నెల సగం అయ్యేసరికి నీకు వడదెబ్బ తగిలింది, వారం రోజులు మంచం మీద ఉన్నావు. ఆ తర్వాత ఇక ఎక్కడికీ పంపలేదు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నీ పిల్లలకు నువ్వు చెప్పుకున్నది ఆ వేసవి గురించే. నాయనమ్మ పక్కన కూర్చుని వడియాల మీద వాలే కాకుల్ని తోలడం, రాత్రి డాబా మీద పడుకోవడం. మూడు నెలల ఫీజులు కట్టిన క్లాసుల మాట ఒక్కటి కూడా నీ నోట రాలేదు. వంటింట్లోంచి విన్నాను. అప్పటినుంచీ ఈ మాట నీకు చెప్పాలనే ఉంది.

ఈత ఉంచు, పిల్లలకు ఇష్టం. మిగతావి తీసెయ్. రోజు ఎలా గడుస్తుందని భయపడకు, వేసవిలో ఎండే మనకు టైంటేబుల్ వేసి పెడుతుంది.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు చల్లగా ఉంటుంది. బయట పనులన్నీ అప్పుడే. ఈత లేని రోజు ఇద్దర్నీ తీసుకుని రైతుబజారుకి వెళ్ళు. పెద్దాడి చేతికి వంద రూపాయలిచ్చి, కూరగాయలు వాణ్ణే బేరమాడి కొననివ్వు. అబాకస్‌లో నేర్చుకునే కూడికలు, తీసివేతలు అక్కడ వంకాయల దగ్గరే వచ్చేస్తాయి. ముంజలు కనిపిస్తే కాయలతోనే తెచ్చుకోండి, విడిగా వలిచినవి వద్దు. ముంజలు తిన్నాక మిగిలిన రెండు కాయలకు మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోస్తే బండి పరిగెడుతుంది. అల్లుడుగారు పల్లెటూళ్ళో పెరిగిన మనిషి, ఆయనకు చేయడం వచ్చే ఉంటుంది. ఒక్క ఆదివారం ఆయన్ని అడుగు. నాన్న చేతులతో చేసిన బండిని పిల్లలు ఎంత కాలం దాచుకుంటారో చూడు.

పదకొండు దాటాక నాలుగింటి వరకు గడప దాటనివ్వకు. ప్రతి వేసవీ టీవీలో మన రెంటచింతల పేరు వింటూనే ఉంటావు కదా, హైదరాబాద్ ఎండ కూడా ఇప్పుడేం తక్కువ లేదు. పదకొండింటికి బాత్రూంలో పెద్ద టబ్బు నిండా నీళ్ళు పెట్టి, నాలుగు గ్లాసులు, ఒక జల్లెడ ఇచ్చి ఇద్దర్నీ వదిలెయ్. బుజ్జిదానికి ఐదేళ్ళే కాబట్టి తలుపు తీసే ఉంచు, నువ్వో అత్తగారో కనిపించేంత దూరంలో ఉండండి. ఆ నీళ్ళే తర్వాత మగ్గుతో వాళ్ళచేత మొక్కలకు పోయించు. స్నానం అయిపోతుంది, మొక్కలకు నీళ్ళూ అందుతాయి, గంట గడుస్తుంది.

అన్నం తిన్నాక కర్టెన్లు వేసి, అందరూ నడుం వాల్చండి. నిద్ర రాకపోయినా ఫరవాలేదు. నీ మీటింగులు ఆ వేళకు పెట్టుకో.

ఫోన్ గురించి ఒక్క మాటే చెబుతాను. రోజూ ఒకే వేళకు, గంటసేపు ఇచ్చెయ్. చదివితే ఇస్తాను, తింటే ఇస్తాను అని బేరం పెట్టకు. నువ్వు అలిసిపోయేది ఫోన్ వల్ల కాదు, రోజంతా నడిచే ఆ బేరాల వల్ల.

ఇక నీ ఎర్ర గడుల సంగతి. పెద్దాడు "బోర్ కొడుతోందమ్మా" అనగానే నువ్వు ఏదో ఒకటి చేతికివ్వాలని కంగారు పడతావు. కాసేపు ఆగి చూడు. మన ఇంట్లో సంక్రాంతికి కరెంటు పోయిన మధ్యాహ్నం గుర్తుందా? అరగంట విసుక్కున్నాడు, గోడకి ఆనుకుని కూర్చున్నాడు, చెల్లిని గిల్లాడు. తర్వాత ఇంట్లో ఉన్న చెప్పులన్నీ రెండు వరసలుగా పేర్చి ఆర్టీసీ బస్సు చేశాడు. చెల్లికి పాత క్యాలెండర్ చించి టికెట్ ఇచ్చాడు. మీ నాన్న గుంటూరు వరకు ఎక్కి, చిల్లర లేదంటే దింపేశాడు కూడా. నేను "ఇలా ఆడుకోండి" అని చెప్పి ఉంటే ఆ బస్సు వచ్చేది కాదు.

పిల్లలకు ఆటతో పాటు ఒక నిజం పని కూడా కావాలి. ఉత్తుత్తి పనైతే వాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. సగ్గుబియ్యం రాత్రి నానబెట్టు. తెల్లారి ఉడికించి, ఉప్పు, పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర కలిపి, దించాక నిమ్మకాయ పిండు. చల్లారాక ఇద్దరికీ చెరో చెంచా ఇచ్చి ప్లాస్టిక్ షీటు మీద వడియాలు పెట్టించు. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వస్తుంది, రానివ్వు. మీ బాల్కనీలో ఎండ పడే చోటు చాలు, రెండు మూడు రోజుల్లో ఎండుతాయి. పావురాల కాపలా బుజ్జిదానిది. వేయించిన రోజు చూడు, "ఇది నేను పెట్టింది" అని ఏరుకుని తింటారు.

ఆవకాయ ఈసారి అక్కడే పెట్టు, నేను ఫోన్‌లో ఉంటాను. కాయలు బజారులోనే కొట్టించుకుని రా. లోపలి జీడి, సన్నటి పొర తీసి, ముక్కను పొడిబట్టతో తుడవడం పిల్లలిద్దరి పని. చెమ్మ ఉంటే పచ్చడి బూజు పడుతుందని ముందే చెప్పు, ఎంత శ్రద్ధగా తుడుస్తారో చూద్దువుగాని. కారం, ఆవపిండి సమానం, ఉప్పు కొంచెం తక్కువ. కారం కలిపేటప్పుడు మాత్రం వాళ్ళని దూరంగా కూర్చోబెట్టు. మూడో రోజు జాడీ మూత తీసి తిరగగలిపేటప్పుడు ఇద్దర్నీ పిలువు. ఆ వేడన్నంలో మొదటి ముద్ద వాళ్ళకే పెట్టాలి.

సాయంత్రం చల్లబడ్డాక టెర్రస్ మీద నాలుగు బకెట్ల నీళ్ళు చల్లించి, చీకటి పడ్డాక చాప వేసుకోండి. ఈ నెలల్లో ఉత్తరం వైపు సప్తర్షులు బాగా పైకి వచ్చి కనిపిస్తారు. తోకలో చివరి నుంచి రెండోవాడు వసిష్ఠుడు, పక్కనే సన్నగా అరుంధతి. నీ పెళ్ళిలో పంతులుగారు చూపించిన చుక్క ఇదేనని పిల్లలకు చెప్పు.

ఏ రోజైనా ఇవేవీ కుదరక ఇల్లంతా గందరగోళమైతే, పెరుగన్నం తిని పడుకోండి. ఆ రోజు గురించి బాధపడకు. ఉద్యోగం చేస్తూ ఇద్దరు పిల్లల్ని చూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. రోహిణి కార్తె మొదలయ్యేసరికి నేను వచ్చి పది రోజులుంటాను.

ఈ ఉత్తరంతో పాటు నాయనమ్మ వామనగుంటల పీట పంపుతున్నాను. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చింతపిక్కలు, మొత్తం 70 ఉండాలి. మీ నాన్న రాత్రి మూడుసార్లు లెక్కపెట్టారు, 68 ఉన్నాయి. మిగతా రెండూ చింతపండులో వెతుక్కోమని పెద్దాడికి చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ