మన గుడి రేకుల పని జమా ఖర్చుల వివరణ (పొడుగైంది, ఓపిగ్గ చదవండి)

సంఘస్తులందరికీ ప్రభువు పేరట వందనాలు. పోయిన ఆదివారం ఆరాధన అయినంక లెక్కలు చదువుతమని ముందే అనౌన్స్ చేసినం గాని దీవెన అయ్యీ కాకముందే సగం మంది చెప్పులు ఏసుకున్నరు, ఇండ్లల్ల పొయ్యి మీద కూర పెట్టొచ్చిన్రేమో తెల్వదు, చివరికి కూసున్నది పద్నాలుగు మంది, అందుల నలుగురు కమిటీ వాళ్ళమే. మల్ల పొద్దుగూకే సరికి "లెక్క చెప్పనే లేదు" అని మాట మొదలైంది. అందుకే కమిటీ చెప్తే ట్రెజరర్‌గ నేనే కూసొని మొత్తం రాస్తున్న, తప్పులుంటే క్షమించాలె, అంకెల్ల తప్పుంటే మాత్రం క్షమించొద్దు, వచ్చి అడగండి.

ముందుగాల మొత్తం చెప్పేస్త. పాత నిల్వతోటి కలిపి జమ 2,35,500. ఖర్చు 2,19,640. మిగలాల్సింది 15,860. చేతిల ఉన్నది 15,250. తేడా 610 రూపాయలు. ఆ 610 కథ కిందికి వస్తది, దాచిపెట్టేది ఏం లేదు.

ఇది రేకుల ఫండ్ లెక్క మాత్రమే. వారం వారం సంచిల వేసే కానుక, పాస్టర్ గారి జీతం, సినడ్‌కి (మన సంఘాల పై ఆఫీసుకి) పోయేది, కరెంట్ బిల్లు ఇవన్నీ వేరే బుక్కుల ఉన్నయ్, వాటిని దీంట్ల కలిపి అడిగితే నాకు చెప్పరాదు.

పని ఎందుకు పెట్టుకున్నమో పిల్లలకి తెల్వాలె. మన తాతలు ఈ ఊరి వాళ్ళు కాదు, కృష్ణ అవతల పల్నాడు నుంచి సాగర్ డ్యాం పనికి వచ్చినోళ్ళు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు పునాదిరాయి వేసినకాడి నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్ళు వదిలినదాక రాళ్ళు మోసిన్రు, డ్యాం అయినంక ఎడమ కాల్వ కింద కూలికో కౌలుకో ఇక్కడ్నే ఆగిపోయిన్రు. వచ్చేటప్పుడు మూటల్ల లూథరన్ పాటల బుక్కు తెచ్చుకున్నరు. నల్లగొండ దిక్కు బాప్టిస్టులు, దేవరకొండ దిక్కు మెన్నొనైట్లు ముందు నుంచి ఉన్నరు, మనం మాత్రం 1842ల గుంటూరొచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారి సంఘం పిల్లలం, అందుకే ఇప్పటికీ కొత్తవాళ్ళు మన కొవ్వొత్తులు, అయ్యగారి తెల్ల అంగీ చూసి "మీరు క్యాథలిక్కులా" అని అడుగుతరు. మన గుడి గోడలు రాతివి, ఆ డ్యాం రాళ్ళు పేర్చిన చేతులే పేర్చినయ్, ఇంకో వందేండ్లయినా కదలవు. పైన రేకులే సిమెంట్ రేకులు ఉండె. పోయిన వానాకాలం ప్రభువు బల్ల మీదికే కారితే సంస్కారం (ప్రభువు బల్ల కాడ రొట్టె, రసం పంచుకునే ఆరాధన) నాడు రొట్టె మీద ప్లాస్టిక్ కవర్ కప్పాల్సొచ్చింది, నెలకోసారి వచ్చే బల్లకి అట్లయితే ఎట్ల అని ఆ రోజే అనుకున్నం.

2024 అక్టోబర్ 31న, అంటే రిఫర్మేషన్ డే (లూథర్ గారి సంస్కరణని తలుచుకునే రోజు) నాడే చందా రసీదు బుక్కు తెరిచినం. దానికి మా పెద్దమనిషి ఒకాయన నవ్విండు, "1517ల లూథర్ గారు కొట్లాడిందే రోమ్‌ల పెద్ద గుడి కట్టడానికి పాప క్షమాపణ రసీదులు అమ్ముతున్నరని, నువ్వేమో అదే రోజు గుడి కప్పుకి రసీదు చింపుతున్నవ్" అని. నేను చెప్పిన, మన రసీదుతో పాపాలు పోవు, ఒట్టిగ రేకులే వస్తయ్ అని. ఆయన 5,000 ఇచ్చిండు.

ఇగ జమలు. పాత నిల్వ బ్యాంక్ పాస్‌బుక్కుల 11,340. ఇంటింటి చందా 1,14,500, మన 46 కుటుంబాలల్ల 38 ఇచ్చిన్రు, అన్నిటికన్న పెద్దది 15,000, చిన్నది 200, ఇయ్యని ఎనిమిది ఇండ్లు ఏవని నన్ను అడగొద్దు, చెప్పను, అందుల మూడిండ్లల్ల నాట్లకే అప్పు తెచ్చుకున్నరు. హైదరాబాద్‌ల ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఫోన్‌పే చేసింది 41,000. పాత ఇనుప పైపులు తుక్కుకి వేస్తే 6,470. సిమెంట్ రేకుల్ని మాత్రం అమ్మలేదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి పోతే మంచిది కాదు, నీళ్ళు కొట్టి పగలకుండ దించి గుడి ఎనక పేర్చి పెట్టినం, మేకల కొట్టానికి ఇయ్యమని ఇద్దరు అడిగిన్రు, కమిటీ ఇంకా ఏం చెప్పలేదు.

పిడికెడు బియ్యం గురించి జర ఎక్కువ రాస్త, ఎందుకంటే దీన్ని మగవాళ్ళు ఎవ్వరూ లెక్కలకి తీసుకోలే. స్త్రీల సమాజం వాళ్ళు 22 ఇండ్లల్ల ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాల వేసుడు, నెలాఖరుకి గుడికి తెచ్చుడు, తొమ్మిది నెలలు. క్రిస్మస్ విందుకి వాడింది పోను 580 కిలోలు అయినయ్. రేషన్ బియ్యం కలపొద్దని, అవి అమ్ముడు తప్పని వాళ్ళే ముందు నిర్ణయం చేసుకున్నరు. మొదట్ల ఇబ్బంది లేదు, దొడ్డు గింజ కనిపిస్తె పక్కకి తీసేటోళ్ళు, కాని 2025 ఉగాదికి మన హుజూర్‌నగర్‌ల సన్నబియ్యం పంపిణీ మొదలైనంక ఏది రేషనో ఏది కొన్నదో కండ్లకి తెలుస్తలేదు, ఇగ ఎవరి మనస్సాక్షికి వాళ్ళకి వదిలేసిన్రు. నాలుగు రకాల బియ్యం కలిసినయ్ కాబట్టి అన్నానికి ఎవ్వరూ కొనరు, దోశల పిండికైతే నడుస్తదని టిఫిన్ సెంటర్ ఆయన కిలో 26 లెక్కన తీసుకుండు, 15,080 వచ్చినయ్. కప్పు వేసే రోజుల్ల కూలోళ్ళకి వండిపెట్టింది సుత ఈ ఆడవాళ్ళే.

కోతల పండగ వేలం (కానుకగ తెచ్చిన పంట, కోళ్ళు గుడిల పాట పెట్టుడు) నవంబర్ ఆఖరి ఆదివారం జరిగింది. పాడిన పాట మొత్తం 32,350, వచ్చింది 27,850, ఇంకా 4,500 రావాలె. అందరికీ తెలిసిందే, వేలంల ఊపుల పాడుతం, ఇంటికి పోయినంక భార్య అడుగుతది. గుమ్మడికాయ 1,100కి పోయింది, వడ్ల బస్తాలు మాత్రం మార్కెట్ రేటుకి జర తక్కువే పోయినయ్, అది నాకు అర్థం కాలే. కోడిని ఒకాయన 700కి పాడి మల్ల గుడికే ఇచ్చిండు, మల్ల వేలం పెడితే 900, ఆయన సుత ఇచ్చేసిండు, మూడోసారి 1,000. ఒక్క కోడికి 2,600, అదే కోడి.

క్యారల్స్ ఐదు రాత్రులు తిరిగితే 19,260. యూత్ పిల్లలు చలిల కాల్వ కట్ట మీద నడుచుకుంట మూడు ఊర్లు తిరిగిన్రు, డప్పు తోలు తడిసి మోగకపోతే స్టీల్ ప్లేటు కొట్టుకుంట పోయిన్రంట.

వస్తువుల రూపంల వచ్చినవి పైసల్ల కలపలేదు. విత్తనాల షాపాయన పది బస్తాల సిమెంట్ ఇచ్చిండు, ఆయన మన సంఘం కాదు, మన మతమే కాదు. ట్రాక్టరున్నాయన ఒక ట్రిప్పు ఇసుక కొట్టిండు.

ఖర్చుల్ల పెద్దది కప్పే. మిర్యాలగూడల మూడు షాపులు తిరిగినం, ఒక్కో షాపాయన ఒక్కో మందం చెప్పి అదే రేటు అంటడు, చివరికి మన వెల్డింగ్ పిలగాడు గేజు తెచ్చి కొలిస్తెనే నమ్మినం. కలర్ రేకులు 1,050 అడుగులు, అడుగు 52 లెక్కన 54,600. ఇనుప పైపులు 900 కిలోలు 68 లెక్కన 61,200. నడికొప్పు మీది రేకులు, స్క్రూలు, వాషర్లు 6,850. వెల్డింగ్, బిగింపు కూలి అడుగుకి 30, అంటే 31,500, ఇది ఎక్కువని కొంతమంది అన్నరు, ఎక్కువే, కాని మే నెల ఎండల ఇనుము మీద కూసొని చేసే పని, నేను బేరం ఆడలేకపోయిన. ప్రైమర్, రంగు 4,200. బండి కిరాయి 2,800. పాత రేకులు దించినందుకు నలుగురికి రెండు రోజులు 6,400. గోడ మీద మేస్త్రి, ఇద్దరు కూలోళ్ళు మూడు రోజులు 7,200. ఫ్యాన్లు మల్ల బిగించి వైరింగ్ మార్చినందుకు 5,640. కూరగాయలు, చాయ్ 2,310. కప్పు ఖర్చు మొత్తం 1,82,700. బిల్లులన్నీ ఉన్నయ్, కూలోళ్ళవి మాత్రం బిల్లులు ఉండవు, నోట్‌బుక్కుల సంతకాలు, ఏలిముద్రలు ఉన్నయ్.

క్రిస్మస్ ప్రేమ విందు 22,740. చికెన్ 46 కిలోలు 10,120, నూనె మసాలా కూరగాయలు 5,320, వంటాయనకి 3,500, ప్లేట్లు నీళ్ళ క్యాన్లు 2,100, టెంటు కుర్చీలు 1,700. క్యారల్స్ పైసలతోటే విందు చేసుడు మనకి అలవాటు, కాని ఈసారి 3,480 ఎక్కువై రేకుల ఫండ్ల నుంచి పోయింది. నూట యాభై మంది అనుకున్నం, రెండు వందల పది దాక వచ్చిన్రు, బాప్టిస్టు సంఘం వాళ్ళు వచ్చిన్రు, పక్క వాడ వాళ్ళు వచ్చిన్రు, వచ్చినోళ్ళని ఆకు ముందల నుంచి లేపుతమా. దీని మీద ఎవ్వరూ పెద్దగ అడగలేదు, అందరూ తిన్నరు గదా.

అడిగింది ఫిబ్రవరిల ఖర్చు 14,200 గురించి. కాల్వ పక్క గుడిసెల ఒక్కతే ఉండే ముసలమ్మ చనిపోయింది, అయినోళ్ళు ఎవ్వరూ లేరు. పెట్టె 6,500, గుంత తవ్వినందుకు 3,000, టౌన్ నుంచి బండి 2,200, ఫ్రీజర్ బాక్స్ 1,800, గుడ్డ, పూలు 700. రేకుల పైసలు రేకులకే వాడాలె అనేది ఒక మాట, ఆ మాట న్యాయమే. రెండో మాట ఏందంటే ఆమె మూడేండ్ల నుంచి సంఘం సభ్యత్వ చందా కట్టలేదు, రిజిస్టర్ల పేరు కొట్టేసిన్రు, సంఘస్తురాలే కాదు, ఆమెకి ఎట్ల పెడతరు అని. దీనికి నేను ఒప్పుకోను. పేరు కొట్టేసింది నిజమే, కొట్టేసింది నేనే, పోయినసారి రిజిస్టర్ కొత్తది రాసేటప్పుడు. చందా అయ్యగారి జీతానికి గాని ఆరడుగుల మట్టికి కాదు. ఆమె బాప్తిస్మం ఈ గుడిలనే అయింది, సంస్కారం ఈ బల్ల కాడనే తీసుకుంది, పేరు లేనన్ని రోజులు సుత పిడికెడు బియ్యం డబ్బా పంపించింది, స్త్రీల సమాజం బుక్కుల రాసి ఉంది చూసుకోండి.

మా తప్పు ఒకటుంది. రాత్రి పదింటికి కబురొచ్చింది, కమిటీల ఏడుగురం, ఫోన్ల దొరికింది ఐదుగురం, సరే అనుకున్నం. మిగిలిన ఇద్దరికి తెల్లారి చెప్పాల్సింది, మూడో రోజు దాక చెప్పలే. వాళ్ళ బాధ ఆ పైసల మీద కాదు, చెప్పకపోయినందుకు, అది మాకు లేటుగ అర్థమైంది, గుడిల అందరి ముందల తప్పు ఒప్పుకున్నం. ఆ రోజు మన అయ్యగారు వేరే ఊర్ల ఆరాధనకి పోయిండు, ఆయనకి మనతోటి ఐదు ఊర్లు, బాప్టిస్టు పాస్టర్ గారే వచ్చి మట్టి కాడ ప్రార్థన చేసిండు, టెంటు కుర్చీలు వాళ్ళవే, కిరాయి తీసుకోలేదు. (మన యూత్ వాళ్ళకి వాళ్ళ యూత్‌తోటి బైబిల్ క్విజ్‌ల ఇంకా పంచాయితీ నడుస్తనే ఉంది, పది ఆజ్ఞల్ని లెక్కపెట్టే వరుస మనది వేరు వాళ్ళది వేరు, దొంగతనం చేయొద్దనేది మనకి ఏడో ఆజ్ఞ, వాళ్ళకి ఎనిమిదోది, మార్కులు ఎవరికి ఇయ్యాల్నో తేలలే.)

ఇట్ల మల్ల కాకుండ మట్టి ఖర్చులకి వేరే నిధి పెడుదమని కమిటీ అనుకుంటుంది, ఇంటికి నెలకి 20 రూపాయలు, 46 ఇండ్లు ఇస్తే నెలకి 920 అయితది. రిజిస్టర్ల పేరుందా లేదా చూడకుండ వాడాలె అనేది నా మాట, కమిటీల ఇద్దరు వద్దంటున్నరు. జనరల్ బాడీల మీరే తేల్చాలె.

ఇగ 610. బ్యాంకుల 14,950, నా దగ్గర నగదు 300. రసీదులు మూడు సార్లు కూడిన, మా పెద్ద బిడ్డ ఒకసారి ఫోన్ల కూడింది, అదే తేడా. కూలోళ్ళకి చిల్లర లేక గుండుగ ఇచ్చిన రోజులున్నయ్, చాయ్‌కి నా జేబుల నుంచి పెట్టి మల్ల తీసుకున్న రోజులున్నయ్, రెండూ కలిసిపోయినయ్ అనుకుంట. నా పైసలు పెట్టి సరి చేస్తనంటే సెక్రటరీ గారు వద్దన్నడు, అట్ల పెడితే లెక్క సరిపోయినట్టు కనిపిస్తది గాని సరిపోయినట్టు కాదు, తేడా అని రాయి అన్నడు. రాసిన.

మొన్నటి వానకి కప్పు ఆగింది, ఒక్క వాకిలి పక్కన మాత్రం స్క్రూ కాడ వాషర్ సరిగ కూసోక కారింది, వెల్డింగ్ పిలగాడు వచ్చి ఫ్రీగ చేసిపోయిండు. గోడలకి సున్నం ఈ లెక్కల లేదు, అడగొద్దు. బుక్కులు, బిల్లులు వచ్చే రెండు ఆదివారాలు ఆరాధన అయినంక గుడి ఎనక గదిల పెడుత, ఎవ్వరైనా చూడొచ్చు, కూర మాడకుండ చూసుకొని రండి.

వేలం బాకీలు 4,500 ఉన్నోళ్ళు దయచేసి ఈ నెలాఖరు లోపల ఇయ్యాలె. అందుల కోడి మూడో పాట 1,000 సుత ఉన్నది, ఆ కోడి డిసెంబర్లనే కూర అయిపోయింది.