ప్రధానోపాధ్యాయురాలి లేఖ: ఆ ప్రశ్నల కాగితం గురించి

నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల తల్లిదండ్రులకూ, ఆ పిల్లలకు రోజూ అన్నం కలిపి పెడుతున్న అవ్వాతాతలకూ నమస్కారం.

పిల్లల డైరీల్లో పెట్టి పంపిన తిండి అలవాట్ల ప్రశ్నల కాగితం మీద గేటు దగ్గరా, ఫోను గ్రూపుల్లోనూ చాలా మాటలు నడుస్తున్నాయి. మార్కులు వేస్తారట, బక్కపిల్లల జాబితా తయారుచేస్తారట, మేం పిల్లలకు తిండి పెట్టలేమనుకున్నారా... అన్నీ నా చెవిన పడ్డాయి. ఫీజుల గురించి పంపిన ఉత్తరాన్ని ఇంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు. అందుకు ముందుగా ధన్యవాదాలు.

చిన్న సంగతులు గబగబా చెప్పేస్తాను. గరుడసేవ రోజు అలిపిరి వైపు బడి బస్సులు తిరగవు, సెలవుల వివరాలు డైరీలో ఉన్నాయి. గుర్తింపు కార్డు పోగొట్టుకున్నవాళ్ళు ఆఫీసులో చెప్పండి. నీళ్ళ సీసా మీద పేరు రాయండి.

ఇక అసలు విషయం. ఆ కాగితానికి మూలం కెనడాలోని ఒంటారియోలో తయారైన న్యూట్రిస్టెప్ అనే ప్రశ్నావళి. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల కోసం 17 ప్రశ్నలు, నింపేది తల్లిదండ్రులే. ధాన్యం, పాలు, పళ్ళు, కూరగాయలు, మాంసం ఎన్నిసార్లు తింటున్నారన్న దగ్గర అది ఆగిపోదు. నమలడానికి, మింగడానికి ఇబ్బంది పడుతున్నారా? రోజంతా ఏదో ఒకటి తాగుతూ భోజనం వేళకు ఆకలి లేకుండా ఉంటున్నారా? టీవీ చూస్తూ తింటున్నారా? ఇవన్నీ అడుగుతుంది. పిల్లల బరువు తగ్గాక తూకం యంత్రం ఎలాగూ చెబుతుంది. అంతకుముందే ఇంట్లో ఏ అలవాటు దారి తప్పుతోందో పట్టుకోవడం దీని పని.

మార్కుల సంగతి. అసలు ప్రశ్నావళిలో ప్రతి జవాబుకూ మార్కు ఉంటుంది, మొత్తం 26 గానీ అంతకు మించి గానీ వస్తే పోషణ విషయంలో ఎక్కువ ప్రమాదం కింద లెక్క. ఆ హద్దును అక్కడి పిల్లలను డైటీషియన్లు, అంటే పోషకాహార నిపుణులు, విడిగా పరీక్షించి, ఆ ఫలితాలతో సరిపోల్చి నిర్ణయించారు. ప్రశ్నలను మన వంటింటికి తగ్గట్టు మార్చాక ఆ హద్దు ఇక్కడ చెల్లదు, మన పిల్లల మీద మళ్ళీ పరీక్షించి తేల్చాల్సిందే. కాబట్టి మీ కాగితం మీద మార్కులు లేవు, వెయ్యం కూడా. ఇప్పుడు పరీక్ష రాస్తున్నది మీ పిల్లలు కాదు, మా ప్రశ్నలు.

ఆ ప్రశ్నలను మార్చడానికి పడ్డ పాట్లు చెప్పాలి. రొట్టె ముక్క ఉన్నచోట ఇడ్లీ, దోసె, అన్నం, రాగి సంగటి పెట్టాం. మాంసం ప్రశ్నకు పప్పు, అలసందలు, గుడ్డు, వేరుశనగలు చేర్చాం. లేకపోతే ఊళ్ళో సగం ఇళ్ళు 'మేం ముట్టం' అని రాసి పంపేవి. తర్వాత తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి, మనవళ్ళ కోసం వచ్చిన అవ్వలకు ఒక్కో ప్రశ్నా చదివి వినిపించి, 'మీకేం అర్థమైంది అవ్వా?' అని అడిగి ఉన్నదున్నట్టు రాసుకొచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంట్లో తమిళం మాట్లాడుతుంది. నగరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన అవ్వలతో తమిళంలోనే మాట్లాడి, వాళ్ళు నవ్విన చోటు, కోప్పడిన చోటు కూడా పక్కన గుర్తు పెట్టింది. పెద్ద చదువుల వాళ్ళు చేసే పనిని ఈ పిల్లలు రెండు రూళ్ళ నోటుపుస్తకాల్లో చేశారు. స్టాఫ్ రూములో ఆ పుస్తకాలను అందరికీ చూపించాను, ఇంకా చూపిస్తూనే ఉన్నాను.

ఆ పుస్తకంలోని ఒక పేజీ. మనవడు రెండు పూటలా పాలు తాగుతాడని చెప్పిన అవ్వ, 'ఉత్త పాలేనా?' అని అడిగితే, 'డికాక్షన్ కొంచెమే పోస్తాను తల్లీ' అంది. అందుకే కాఫీ, టీలకు విడిగా ప్రశ్న పెట్టాం. భోజనంతో పాటు కాఫీ, టీలు తాగితే అన్నంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నాలుగేళ్ళ బిడ్డకు కాఫీ ఎందుకండీ?

సంగటి గడి గురించి నేను ఊరుకోలేను. ఇంట్లో వారానికి మూడుసార్లు సంగటి వండే వాళ్ళు కూడా ఆ గడి ఖాళీగా వదిలేసి, 'కార్న్‌ఫ్లేక్స్' అని పక్కన రాశారు. ఎందుకీ నామోషీ? వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా ఉండదు. చిత్తూరు జిల్లా మెట్ట పొలాల్లో తరతరాలుగా పండిన గింజ ఇది. రాగి ముద్ద మింగి, వేరుశనగ చట్నీ నాకి పెరిగినవాళ్ళే ఈ రోజు మీరు మొక్కే ఆఫీసర్లూ డాక్టర్లూ అయ్యారు. అదే రాగిపిండిని రంగు డబ్బాలో పోసి, మీద నవ్వే పాప బొమ్మ వేసి అమ్మితే మాత్రం ధర అడగకుండా కొంటున్నారు. మీ బిడ్డ డబ్బాలో సంగటి ముద్ద పంపండి, చల్లారినా పర్వాలేదు, మా ఆయాలు విరిచి పప్పులో అద్ది పెడతారు. ఎవరైనా నవ్వితే నా దగ్గరికి పంపండి.

అందరికంటే ఎక్కువ కోపం తెప్పించిన ప్రశ్న 'ఎంత తినాలో బిడ్డకే వదిలేస్తారా?' అన్నది. 'వదిలేస్తే ఏం తింటాడు, తినేది మూడుసార్లే, నేను వెంట తిరిగేది రోజంతా' అని ఒక అవ్వ మా పిల్లలను దబాయించిందట. ఆమె కష్టం నాకు తెలుసు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది బిడ్డ కడుపు పని. ఫోనులో బొమ్మలు పెట్టి, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద కుక్కితే కడుపు నిండిందో లేదో ఆ బిడ్డకెలా తెలుస్తుంది? ఇక్కడ యూకేజీ పిల్లలు చుట్టూ కూర్చుని సొంత చేత్తో తింటున్నారు, ముక్కూ మూతీ అంటించుకుంటూనే. ఇంట్లో అదే బిడ్డకు చేతులు లేనట్టు చూడవద్దని సవినయంగా మనవి. దర్శనానికి వచ్చిన చుట్టాలు తెచ్చే చిప్స్ పొట్లాలను భోజనానికి అరగంట ముందు విప్పవద్దని ఇంకా సవినయంగా మనవి. తిరుపతిలో ఇల్లున్నాక చుట్టాలు ప్రతివారం వస్తారు, ఆకలి ప్రతివారం సెలవు తీసుకోలేదు కదా.

ధరల వల్ల సరుకులు కొనడం కష్టమవుతోందా అన్న ప్రశ్న తీసేయమని కొందరు కోరారు. తియ్యను. అది మూలంలో ఉంది, ఉండాలి. దానికి 'అవును' అని రాయడం అవమానం కాదు. అది తెలియకుండా పళ్ళు పెట్టండి, గుడ్లు పెట్టండి అని మేం సలహాలిస్తే ఎవరికేం లాభం? ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయండి, అబద్ధం మాత్రం రాయకండి.

పేర్లు రాయనక్కర్లేదు. కాగితం మడిచి కవరులో పెట్టి శుక్రవారం లోపు పంపండి, ఆఫీసు కిటికీ పక్కన పెట్టెలో వేస్తే చాలు. అర్థంకాని ప్రశ్న ఉంటే దాని పక్కన సున్నా చుట్టండి. శనివారం ఉదయం పది గంటలకు హాలులో కూర్చుని మాట్లాడుకుందాం. అమ్మానాన్నలకు తీరిక లేకపోతే అవ్వలు రండి, నిజానికి మీరు వస్తేనే పని తొందరగా అవుతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు