కొత్త పచ్చిక: విత్తే ముందు నేల సంగతి

సభ్యులందరికీ నమస్కారం. కాలనీ వెనుక అర ఎకరంలో తొలకరి పడగానే గడ్డి గింజలు చల్లేద్దామని కొందరు అంటున్నారు. దయచేసి ఆ తొందర వద్దు. ఆ నేల నిండా తుంగ ఉంది. పైన కోస్తే పోయే మొక్క కాదది, కింద గడ్డ మిగిలితే మళ్లీ లేస్తుంది. ముందు జానెడు లోతు తవ్వించి ఆ గడ్డలు ఏరిద్దాం. ఇళ్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, కంకర కూడా అప్పుడే తీసేయాలి. తర్వాత బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, కాలువ వైపు కొద్దిగా వాలు ఉండేలా చదును చేసి, తడిపి రెండు వారాలు వదిలేద్దాం. దాగిన కలుపు చాలావరకు ఆలోపే మొలుస్తుంది. దాన్ని పీకాకే విత్తనం. ఈ రెండు వారాల విషయంలో నేను రాజీపడలేను.

మనం చల్లబోయేది బెర్ముడా గడ్డి గింజ. ఆ పేరుతో అమ్మేది మన వినాయక చవితి గరిక జాతే. ఎండను ఓర్చుకుంటుంది, నీడలో పలచబడుతుంది. అందుకే వేపచెట్ల కింద వేయవద్దు. చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాములు చాలు. గింజ చాలా సన్నం కనుక పొడి ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లాలి. పైన పావు అంగుళానికి మించి మట్టి పడకూడదు.

మొలకలు రావడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అప్పటివరకు వాన లేనప్పుడు రోజుకు రెండు మూడు సార్లు సన్నటి జల్లు కావాలి. పైపును ధారగా వదిలితే గింజలు కొట్టుకుపోతాయి. గడ్డి కుదురుకునేదాకా పిల్లల ఆటలు ముందు వైపే జరిగేలా చూడండి.

తుంగ ఏరడానికి ఆదివారం ఉదయం 6 గంటలకు రాగలవారు ఇక్కడే పేరు రాయండి. గునపం, పార ఉంటే తీసుకురండి.